వెయ్యి కిలోమీటర్ల బేరం

వీణ కొందామని బయలుదేరి ముందుగా 2,000 రూపాయలు పోగొట్టుకున్నాను. ఆ సంగతి దాచి మిగతాది చెబితే నేనేదో మొదటినుంచీ తెలివైనదాన్నని అనుకుంటారు.

మా అమ్మాయి నాలుగేళ్లుగా టీచరుగారి వీణ మీదే నేర్చుకుంటోంది. ఇంట్లో సాధనకు ఒకటి కావాలి. కొత్తది చేయించాలంటే డబ్బు ఒకటే సరిపోదు, నెలల తరబడి ఎదురుచూడాలి. బాగా వాయించిన పాత వీణ దొరికితే కొత్తదానికన్నా నయమని, పనస కర్ర ఆరేకొద్దీ నాదం తేరుకుంటుందని టీచరుగారు చెప్పారు. దాంతో ఆన్‌లైన్‌లో ప్రకటనలు వెతకడం మొదలుపెట్టాను.

మొదట కంటబడిన వీణ ధర 9,000. అమ్మేవాడు సైన్యంలో పనిచేస్తున్నానన్నాడు, బదిలీ అయిందన్నాడు, నేను అడగకుండానే గుర్తింపు కార్డు ఫొటో పంపాడు. అడగకుండా కార్డు పంపేవాడినే ముందు అనుమానించాలని అప్పటికి నాకు తెలియదు. పార్శిల్ ఖర్చులకు 2,000 పంపమంటే పంపాను. మర్నాడు గేటు పాసు కోసమని ఇంకో 3,500 అడిగాడు. ఆ సాయంత్రం మా అమ్మాయి ఆ వీణ ఫొటో చూసి, "అమ్మా, వెనక గోడ మీద క్యాలెండరు చూడు" అంది. అంకెలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఎవరి వీణ ఫొటోనో తెచ్చి, కుడిఎడమలు మార్చి పెట్టాడన్నమాట. ఆ ఫొటోను నేను మూడు రోజులు మురిపెంగా చూసుకున్నాను. తీగలు బిగించే బిరడలు లెక్కపెట్టాను గాని క్యాలెండరు చూడలేదు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. డబ్బు పంపిన వెంటనే చేస్తే అది అవతలి ఖాతా దాటకముందే ఆపే వీలుంటుంది. నేను చేసేసరికి ఒక రోజు గడిచిపోయింది. డబ్బు తిరిగి రాలేదు.

వీణ ఖర్చుకు కలిసొస్తుందని మా అబ్బాయి వదిలేసిన ముప్పావు సైజు వయొలిన్‌ను అమ్మకానికి పెట్టాను. పది నిమిషాల్లో ఒకాయన ఫోన్ చేసి, బేరమాడకుండా ఒప్పుకొని, డబ్బు వేస్తున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. నాకు డబ్బు రావడానికి నా పిన్ ఎందుకు? పిన్ కొట్టేది మన ఖాతాలోంచి పంపడానికే కదా. ఫోన్ పెట్టేశాను. 2,000 పోసి నేర్చుకున్న చదువు అలా మొదటిసారి పనికొచ్చింది.

ఏప్రిల్‌లో ఖరగ్‌పూర్ నుంచి ఒక ప్రకటన కనిపించింది. ఆ ఊళ్లో రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆవిడా అలాంటి ఇంటివారే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేయించిన ఏకాండి (ఒకే దుంగతో చెక్కిన) వీణ, ధర 25,000. చేతివేళ్లు నొప్పులతో వాయించలేకపోతున్నానని రాశారు. విజయవాడ నుంచి అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే.

వీడియో కాల్‌లో నా ప్రశ్నల చిట్టా తీయబోతుంటే ఆవిడే ఆపేశారు. "ముందు నేను అడుగుతానమ్మా. అనుమంద్రం తీగను ఏ స్వరానికి శ్రుతి చేస్తారు?"

"పంచమానికి, పిన్నిగారూ."

"తీగల కింద మెట్లు ఎన్ని?"

"ఇరవై నాలుగు."

"సరే, ఇప్పుడు నువ్వడుగు."

అంతకుముందు ఇద్దరు కొంటామని వచ్చి, డబ్బు వేసినట్టు దొంగ స్క్రీన్‌షాట్లు పంపి, వీణ ఎప్పుడు పంపుతారని గదమాయించారట. నాకు అమ్మేవాళ్లంటే ఎంత భయమో ఆవిడకు కొనేవాళ్లంటే అంత భయం. అది తెలిశాక నాకు సగం ధైర్యం వచ్చింది.

ఆ రోజు పేపరును వీణ పక్కన పెట్టించాను. ఆవిడ కొడుకు ఫోన్ పట్టుకుంటే, సారణి, అంటే మొదటి తీగ మీద మొదటి మెట్టు నుంచి చివరిదాకా ఒక్కొక్కటే మీటించాను. నాదం పలికే గుండ్రటి కుండ లోపల టార్చి వేయించి పగుళ్ల కోసం చూశాను. చివరనుండే యాళి బొమ్మ ముఖం వైపు నుంచి ఫోన్ ఆనించి, మెట్లుండే దండి పొడవునా చూపించమన్నాను. దండి వంగితే ఆ వీణను బాగుచేయడం మహా కష్టం, మిగతావన్నీ చేయించుకోవచ్చు. దండి నిటారుగానే ఉంది. ఏడో మెట్టు దగ్గర మాత్రం తీగ జివ్వుమంటోంది. నేను అనకముందే ఆవిడ, "అక్కడ మెట్టు కింద మైనం దిగిందమ్మా" అన్నారు. 22,000కు బేరం కుదిరింది.

కుదిరాక ఒక అనుమానం పీడించింది. వీణ అంచుల వెంట తెల్లటి పట్టీ ఉంది. పాతకాలపు వీణలకు ఏనుగు దంతం, దుప్పి కొమ్ము పొదిగేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దంతమున్న వస్తువును కొన్నా అమ్మినా నేరమే. అడిగితే ఆవిడ కంగారుపడిపోయారు. వాళ్లబ్బాయి సూదిని ఎర్రగా కాల్చి, కనిపించని మూల పట్టీకి ఆనించాడు. సూది దిగింది, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. దంతమైతే అలా కరగదు. ఒక వస్తువు చవకబారుదని తేలినందుకు నేను అంతగా సంతోషించడం అదొక్కసారే.

వెంటనే పంపమంటే ఆవిడ ససేమిరా అన్నారు. మెట్లు నిలబడేది మైనం మీద. ఎండాకాలం లారీలో రెండు మూడు రోజులుంటే మైనం మెత్తబడుతుంది. "వైశాఖంలో పంపితే మెట్లన్నీ నీకు కుప్పగా అందుతాయి. చలికాలం రానీ" అన్నారు. ముందుగా ఒక్క రూపాయి పంపి ఖాతాలో ఆవిడ పేరే ఉందని చూసుకొని, బయానాగా 1,999 వేశాను. ఎనిమిది నెలలు! మధ్యలో ఇంకెవరైనా ఎక్కువ ఇస్తామంటే ఏం చేస్తారోనని లోపల గుంజాటన ఉండేది. దసరాకు ఆవిడే ఫోన్ చేసి, వీణ పూజలో పెట్టానని ఫొటో పంపారు.

డిసెంబరులో కట్టించారు. సొరబుర్రను మర విప్పి విడిగా గుడ్డలో చుట్టారు. తీగలను సడలించారు గాని పూర్తిగా విప్పలేదు, విప్పితే కుండ మీద తీగలు ఆనే గుర్రం జరుగుతుంది. గుర్రం ఉన్నచోట పెన్సిలుతో గీత గీసి నాకు ఫొటో పంపారు. వడ్రంగితో చెక్కపెట్టె చేయించి, దండి కింద, కుండ చుట్టూ పాత పరుపు దూది కూరారు. రవాణా సంస్థ వాళ్లు పాత వస్తువుకు బిల్లు ఏదీ అని అడిగారు. తెల్లకాగితం మీద ధర, వీణ వివరాలు రాసి ఇద్దరం సంతకాలు చేసిన అమ్మకపు పత్రం చూపితే తీసుకున్నారు. రసీదు ఫొటో చేతికందాక 10,000, వీణ వచ్చి శ్రుతి చేశాక మిగతా 10,000 అన్నది మా ఒప్పందం.

పెట్టె విప్పుతుంటే మేకు తీయడం దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీశాం. కర్రకు ఏమీ కాలేదు. కానీ మెట్లు కట్టిన మైనం రెండు చోట్ల నిలువునా చిట్లింది, ఒక బిరడ విరిగింది. రవాణా సంస్థకు ఫోన్ చేస్తే, రసీదు వెనక చూడమన్నారు. సంగీత వాయిద్యాలకు పరిహారం లేదని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. బీమా డబ్బు కట్టేముందే ఆ ముక్క చదవాల్సింది. ఇప్పుడైతే పార్శిల్ జోలికే పోను. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ రెండు ఊళ్లలోనూ ఆగుతుంది. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లి, పక్కన పెట్టుకొని తెచ్చుకునేదాన్ని. నాకయిన మరమ్మతుతో పోలిస్తే టికెట్లే చవక.

వీడియో ఆవిడకు పంపాను. ఫొటో అయితే ఎవరి తప్పని వాదులాడుకునేవాళ్లమేమో. ఆవిడ చూసి, "సగం నేను పెట్టుకుంటాను" అన్నారు. నూజివీడులో వీణలు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే, పాత మైనమంతా తీసి మళ్లీ 24 మెట్లూ కట్టాలన్నారు. బిరడతో కలిపి 5,000 అయింది. ఆవిడకు 7,500 వేశాను.

ఆ రాత్రే ఫోన్ చేసి అమ్మాయి చేత వాయించి వినిపించమన్నారు. గీతం మధ్యలోనే, "అనుమంద్రం దిగింది, చూసుకో" అన్నారు. నిజంగానే దిగింది. శ్రుతి సరిచేశాక కాసేపు విని, పెట్టబోతూ, "ఆ చెక్కపెట్టె పారేయలేదు కదా?" అని అడిగారు.

"లేదు పిన్నిగారూ, ఎందుకు?"

"అమ్మాయి పెళ్లయి వెళ్లాక నువ్వూ అమ్ముతావుగా. అప్పుడు కావాలి."

పెట్టె అటక మీద పెట్టాం.