కాన్పు తర్వాత బీపీ: క్యాజువాలిటీ చుట్టూ నా ప్రదక్షిణలు

బీపీ మాత్రలు ఇంకా మింగుతూనే ఉన్నాను. కోపం కూడా ఇంకా చల్లారలేదు. కొన్నాళ్లు పోతే "పోన్లే, పాప బాగుంది, నేనూ బాగున్నాను" అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నా.

గర్భం సంగతి పెద్దగా చెప్పుకోడానికేం లేదు. ముప్పై అయిదు దాటాక తొలి కాన్పు కాబట్టి మూడో నెల నిండగానే చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెట్టించారు. స్కానింగులు, రక్తపరీక్షలు, షుగర్ పరీక్ష, అన్నీ నల్లేరు మీద నడకే. తొమ్మిదో నెలలో బీపీ 140/90 దాటింది, మూత్రంలో ప్రోటీన్ పడింది. ప్రీఎక్లాంప్సియా అన్నారు. ఆస్పిరిన్ ముప్పు తగ్గిస్తుందే గానీ పూర్తిగా తీసేయదట. 37 వారాలు నిండాయి కాబట్టి ఇంక ఆగొద్దని నొప్పులకి మందు పెట్టారు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని చివరికి వెన్నుకి సూదిచ్చి సిజేరియన్ చేశారు. పాప గట్టిగా ఏడ్చింది. అక్కడిదాకా అందరూ మంచివాళ్లే.

ఒక్క పని మాత్రం నేను బాగా చేశాను, చెప్పుకుంటాను. బీపీ బయటపడిన రోజు నుంచి ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, టైము, రీడింగు రాసుకుంటూ వచ్చాను. మా ఆయన నవ్వేవాడు, ఆడిటర్‌లా ఏంటిదని. ఆ పుస్తకమే లేకపోతే ఇవాళ ఇది రాసేదాన్ని కాదేమో.

డిశ్చార్జి కాగితంలో కుట్లు తడవకుండా చూసుకోమని ఉంది, పాప టీకాల తేదీలున్నాయి. తలనొప్పి వస్తే పరిగెత్తుకు రమ్మని ఒక్క ముక్క లేదు. బీపీ మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలని అడిగితే "ఆరు వారాల చెకప్‌లో చూద్దాంలేమ్మా, కాన్పయిపోయింది కదా" అన్నారు. ఈ మాట మీదే నా మొదటి కోపం. ప్రీఎక్లాంప్సియాకి అసలు మందు కాన్పే, మాయ బయటికొస్తే జబ్బు పోతుందన్నది నిజమే. కానీ ఆ పూటే పోదు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన నీరు కాన్పయ్యాక మళ్లీ రక్తనాళాల్లోకి వస్తుంది. మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్య బీపీ పైకెక్కేది అందుకే. సరిగ్గా అప్పటికే మనల్ని ఇంటికి పంపేసి ఉంటారు. గర్భంలో బీపీ ఉన్నవాళ్లకి కాన్పయిన మూడు రోజుల్లోపు ఒకసారి, ఏడు నుంచి పది రోజుల్లోపు ఇంకోసారి చూడాలి. గర్భంలో బీపీ లేనివాళ్లకి కూడా కాన్పయ్యాక కొత్తగా రావచ్చు, ఆరు వారాల దాకా ఆ భయం ఉంటుంది. ఇవన్నీ నాకు ముందు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. తర్వాత ఐసీయూ మంచం మీద ఉండగా చెప్పారు.

ఇంటికొచ్చిన కొద్ది రోజులకే తలనొప్పి పట్టుకుంది. పారాసిటమాల్‌కి లొంగలేదు. నుదురు నుంచి వెనక్కి బిగదీసినట్టు. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బింది, ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. పాపకి పాలిస్తుంటే కళ్ల ముందు మెరుపులు, చిన్న చిన్న చుక్కలు. తల తిప్పితే అవీ నాతోపాటే తిరుగుతున్నాయి. పక్కటెముకల కింద కుడివైపు మందంగా నొప్పి. ఇంట్లో మిషన్ పెట్టి చూస్తే 164/106. ఆగి మళ్లీ చూసినా అంతే. నోటుబుక్కులో రాసి, పాపని అమ్మకి అప్పజెప్పి బయల్దేరాం.

నేరుగా కాన్పు చేసిన వార్డుకే వెళ్లాం. గుమ్మంలోనే ఆపారు. డిశ్చార్జి అయినవాళ్లు క్యాజువాలిటీ నుంచే రావాలట. క్యాజువాలిటీ అదే ఆవరణలో ఇంకో మూల. చక్రాల కుర్చీ అడిగితే నడవగలుగుతున్నారు కదా అన్నారు. కుట్లు పట్టుకుని నడిచాను.

క్యాజువాలిటీ కౌంటర్‌లో ఒక ఫారం ఇచ్చారు. అందులో ఆడవాళ్ల కోసం ఒకే ప్రశ్న: ప్రస్తుతం గర్భవతా? అవును, కాదు. ఎదురుగా ఉన్న అబ్బాయి నా పొట్ట వంక చూసి "కాదు" దగ్గర టిక్కు పెట్టేశాడు. ఆ టిక్కుతో నేను మామూలు తలనొప్పి పేషెంటుని అయిపోయాను. ఇటీవల కాన్పయిందా అన్న ప్రశ్న ఆ కాగితం మీద ఎక్కడా లేదు. నేను నోటితో చెప్పాను. "అది డాక్టర్‌కి చెప్పండమ్మా" అన్నాడు. పాపం అతన్ని అనడానికేం లేదు, ఫారం వేసినవాళ్లని అనాలి.

స్టూలు మీద కూర్చోబెట్టారు. వీపుకి ఆనుకోడానికి లేదు, కాళ్లు నేలకి అందట్లేదు. అలాగే బీపీ చూశారు. 158/100. డ్యూటీ డాక్టర్ చిన్నవాడు, మా ఆయనతోనే మాట్లాడుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను, నా వైపు తిరగలేదు. "160 దాటలేదు సార్. కంగారు వల్ల కూడా ఇంత ఉంటుంది. నిద్రుండదు కదా కొత్త తల్లులకి, ఊరికే ఏడుపొస్తుంది, తలనొప్పులొస్తాయి, మామూలే." నేనప్పటికి ఏడవట్లేదు. ఆ మాటన్నాక ఏడుపొచ్చింది. అది చూసి "చూశారా" అన్నట్టు మా ఆయన వైపు చూశాడు.

దాన్నిప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండిపోతుంది. 160/110 అన్నది బీపీని గంటలోపు మందుతో దించి తీరాల్సిన గీత. దానికి రెండు అంకెలు తక్కువైనంత మాత్రాన ఇంటికి పంపేయొచ్చని ఏ పుస్తకంలోనూ ఉండదు. కొత్తగా కాన్పయిన మనిషికి 140/90 పైన బీపీ ఉండి, దానికి తగ్గని తలనొప్పి, చూపులో తేడా తోడైతే అది తీవ్రమైన రకమే. అంకె కోసం ఆగక్కర్లేదు.

ఆ తర్వాత ఇంకో సిద్ధాంతం తీశాడు. వెన్నుకి సూదిచ్చారు కదా, ఆ తలనొప్పి అయ్యుంటుందని. ఆ తలనొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది. మత్తు డాక్టర్ గారు నాకు ముందే చెప్పారు. నాది పడుకున్నా అంతే, లేచినా అంతే. అది చెప్తే "మీరు గూగుల్ ఎక్కువ చూస్తారా" అన్నాడు. నోటుబుక్కు తీసి చూపించాను. ఒక పేజీ తిప్పాడు, ఇంటి మిషన్లని నమ్మలేమన్నాడు, తిరిగిచ్చేశాడు. కళ్ల ముందు మెరుపులంటున్నారు కాబట్టి కంటి డాక్టర్‌కి చూపించుకోమని ఒక చీటీ రాశాడు.

కంటి విభాగం రెండో అంతస్తులో. లిఫ్టు దగ్గర జనం. అప్పటికి పాపకి పాలిచ్చే టైము దాటిపోయి జాకెట్టంతా తడిసిపోయింది. కొంగు కప్పుకుని, టోకెన్ పట్టుకుని, కళ్లద్దాల కోసం వచ్చినవాళ్ల మధ్య కూర్చున్నాను. నా నంబరు రాగానే ఒకమ్మాయి ఒక కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమంది. పై వరస చదివాను. రెండో వరసలో సగం అక్షరాల మీద వెలుగు మరకలు. "సరిగ్గా చూడండి మేడం, తొందరేం లేదు" అంది. తొందర లేదట! కడుపులో తిప్పుతోంది, తల పగిలిపోతోంది, నేను గోడ మీద అక్షరాలు చదువుతున్నాను. నా జీవితంలో ఇంత చిన్నబోయిన సందర్భం ఇంకోటి లేదు. ఆపరేషన్ బల్ల మీద బట్టల్లేకుండా ఉన్నప్పుడు కూడా ఇంత అనిపించలేదు.

కంటి డాక్టరమ్మ గారు మాత్రం దీపం పెట్టి కంటి వెనక పొర చూసి ఒక్క క్షణం ఆగారు. రెండో కన్ను చూశారు. "మీ బీపీ ఎంతమ్మా?" అన్నారు. చెప్పాను. "కాన్పెప్పుడయింది?" ఆ పూటంతా ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. నోటుబుక్కు చేతికిస్తే చివరి పేజీలు చదివారు. లేచి తన కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టి, వీపు ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టించి, మాట్లాడొద్దని చెప్పి బీపీ చూశారు. 182/116. ఆవిడే ఫోన్ అందుకుని కాన్పుల విభాగం పెద్ద డాక్టర్‌తో మాట్లాడారు. చక్రాల కుర్చీ వచ్చింది. ఈసారి ఎవరూ నడవగలరా అని అడగలేదు.

కాన్పుల డాక్టర్లుండగా, క్యాజువాలిటీ ఉండగా, జబ్బుని పట్టుకున్నది కళ్ల డాక్టర్. నవ్వాలో ఏడవాలో తెలియదు.

అక్కణ్ణుంచి అన్నీ చకచకా జరిగాయి. బీపీ దించే మందు లాబెటలాల్ నరంలోకి ఇచ్చారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ పెట్టారు. ఫిట్స్ వస్తే అదే ఎక్లాంప్సియా, మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేది. మెగ్నీషియం ఎక్కుతుంటే గొంతు నుంచి కాళ్ల దాకా లోపల్నుంచి సెగ కొట్టినట్టుంది. ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుందట, అందుకని నర్సమ్మ గంట గంటకీ వచ్చి ఊపిరి లెక్కపెట్టేది, గొట్టంలోంచి వచ్చిన మూత్రం కొలిచేది, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టేది. కాలు ఎగిరితే సరే. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ పక్కన ట్రేలో సిద్ధంగా పెట్టారు. మెగ్నీషియం కొత్త మందేం కాదు. 2002లో మాగ్‌పై అన్న పెద్ద పరీక్షలో 33 దేశాల్లో దాదాపు పదివేలమంది మీద చూస్తే ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గిందని తేలింది. ఇంత తెలిసిన మందు, ఇంత తెలిసిన జబ్బు. తెలియనిదల్లా మా క్యాజువాలిటీ ఫారానికే.

ప్లేట్‌లెట్లు, కాలేయం పరీక్షలు కొంచెం అటూ ఇటూగా వచ్చి నిలదొక్కుకున్నాయి. మెగ్నీషియం ఎక్కుతున్నా పాలివ్వచ్చన్నారు, పాపని తెప్పించారు.

ఇంకొంచెం కోపం ఉంది, అది కూడా కక్కేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2023లో గర్భం, కాన్పు కారణంగా చనిపోయిన ఆడవాళ్లు దాదాపు 2,60,000 మంది. దగ్గరదగ్గరగా రెండు నిమిషాలకొకరు. రక్తస్రావం తర్వాత వరస బీపీ జబ్బులదే. వీళ్లలో చాలామందిని బతికించే మందులు మనకి తెలుసని కూడా వాళ్లే చెప్తారు. బిడ్డ బయటికి రాగానే అందరి చూపూ బిడ్డ మీదికి పోతుంది. తల్లి బరువెంత, నిద్రపోయిందా, కాళ్లు వాచాయా అని అడిగే మనిషి ఉండదు. మా ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒక్కరు నా బీపీ ఎంతని అడగలేదు. పాప ఎవరి పోలికో మాత్రం అందరూ తేల్చేశారు.

మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైతే, కౌంటర్‌లో మొదటి మాటే ఇది అనండి: "నాకు కాన్పయి వారం, గర్భంలో బీపీ ఉంది, తలనొప్పి తగ్గట్లేదు, చూపు తేడాగా ఉంది." వరస ఇదే. తలనొప్పితో మొదలుపెడితే తలనొప్పి లైన్లోకి తోసేస్తారు. ఫారంలో ప్రశ్న లేకపోతే పైన పెద్ద అక్షరాలతో మీరే రాసేయండి. తోడుగా మెత్తటి మనిషిని తీసుకెళ్లకండి. మా ఆయన బంగారం, కానీ డాక్టర్ ఎదురుగా "సరే సార్" తప్ప ఇంకో మాట రాదు. మా అక్క వచ్చుంటే రెండో అంతస్తు ఎక్కాల్సిన పనుండేది కాదు. బీపీ మిషన్ భుజం పట్టీది కొనుక్కోండి, మణికట్టుది వద్దు. పట్టీ సైజు మీ చేతికి సరిపోవాలి, బిగుతైతే ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూసుకోండి. స్టూలు మీద వేలాడుతూ కాదు.

క్యాజువాలిటీ మీద లిఖితపూర్వకంగా ఫిర్యాదిచ్చాను. డ్యూటీ డాక్టర్ పేరు రాయలేదు, ఫారంలో ఒక్క ప్రశ్న చేర్చమన్నాను: గత ఆరు వారాల్లో కాన్పయిందా? మీ సూచనకి ధన్యవాదాలు, సంబంధిత విభాగానికి పంపించాం అని జవాబొచ్చింది. ఏ విభాగమో చెప్పలేదు, మళ్లీ అడిగాను.

మందుల సంగతి: ఇప్పుడు నిఫెడిపిన్ అనే బీపీ మాత్ర మీద ఉన్నాను, పాలిస్తూనే వేసుకోవచ్చు. డోసు ఈమధ్యే తగ్గించారు. 12 వారాలు దాటినా బీపీ దిగకపోతే అది గర్భం తెచ్చిన బీపీ కాదు, అసలు బీపీయే అనుకుని ఫిజీషియన్ దగ్గరికి పంపిస్తామన్నారు. దిగిపోయినా ఏడాదికొకసారి చూపించుకోమన్నారు, ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకి ముందు ముందు గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపట. ఇంకో కాన్పనుకుంటే ముందే చెప్పమన్నారు, ఆస్పిరిన్ మళ్లీ మొదలుపెట్టాలి కాబట్టి. ఆ మాట విని మా ఆయన మొహం చూడాలి. నేనైతే ఆ సంగతి ఇప్పట్లో ఎత్తొద్దన్నాను.