భీముని కొలను మెట్ల మీద

మహాశివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమల దాటి శ్రీశైలం నడిచిపోవడం మా పల్లెల్లో తాతల నాటి అలవాటు. వెంకటాపురంలో అడవిలోకి దిగితే నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. పులులున్న అడవి కాబట్టి మామూలు రోజుల్లో అటవీ శాఖ రానివ్వదు. పండగ రోజుల్లో మాత్రం దారంతా జాతరే. నా బ్యాగులో రెండు సీసాల నీళ్లు, ఒక దుప్పటి, మా ఆవిడ తిట్టి మరీ పెట్టిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు ఉన్నాయి.

పెచ్చెరువులో అన్నదానం వాళ్లు పెట్టిన పులిహోర తిని పడుకున్నాం. పడుకున్నామనడమే గానీ, తెల్లవార్లూ భజన, దోమలు.

అక్కడిదాకా నడక నడకలాగే ఉంటుంది. భీముని కొలను దగ్గర దారి ఒక్కసారిగా లోయలోకి జారిపోతుంది. దిగిందంతా మళ్లీ ఎక్కాలి. రాతి మెట్లు, ఒకటి జానెడు, ఇంకోటి మోకాలెత్తు. మధ్యాహ్నానికి రాళ్లు కాలిపోతుంటాయి. అందరి నోటా ఒకటే కేక: ‘చేదుకో మల్లన్నా, చేదుకో!’ బావిలోంచి బొక్కెన చేదినట్టు మమ్మల్ని పైకి లాక్కో స్వామీ అని. చిన్నప్పటి నుంచీ అరుస్తున్న మాటే.

ఎక్కుడు సగంలో ఒక అవ్వ మెట్టు పక్కన బండకు ఆనుకుని కూలబడి ఉంది. పెదాలు తెల్లబడ్డాయి, పిక్కలు పట్టేసి కాళ్లు ముడుచుకుంది. పక్కన పన్నెండేళ్ల మనవడు ఖాళీ సీసా మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. వచ్చేపోయే వాళ్లందరూ ఆగుతున్నారు. ఆ మాట చెప్పాలి, ఆగకుండా పోయినవాళ్లు తక్కువ. ఒకాయన నుదుట విభూతి పెట్టాడు. ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుని, ‘మల్లన్న పరీక్ష అవ్వా, ఓర్చుకో’ అంది. ఇద్దరు ముగ్గురు దండం పెట్టుకుని కదిలారు.

నేనూ ఆగాను. ‘శివయ్య చూసుకుంటాడులే అవ్వా’ అన్నాను, ఎంతో ప్రేమగా. అని నా దారిన ఎక్కడం మొదలుపెట్టాను.

ఆ రాత్రి పాగాలంకరణ చూడాలని నా ఆరాటం. గుళ్లో దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో నేతన్న స్వామి గర్భగుడి మీది విమాన గోపురానికి పాగా చుట్టడం ఎన్నేళ్లుగానో చూడాలనుకుంటున్నా, కుదరలేదు. ఆలస్యమైతే ఆ జనంలో లోపలికి పోలేమని టెన్షన్. ఇప్పుడు ఆలోచిస్తే, శివయ్య పేరు ఎత్తకపోయుంటే నాకు అంత సులువుగా కాలు కదిలేది కాదు. అవ్వను ఆయనకు అప్పగించేశాను కదా, ఇక నాకేం పని! నా బ్యాగులో ఓఆర్‌ఎస్ ఉన్న సంగతి గుర్తుకే రాలేదంటే నమ్ముతారా? నిజంగానే రాలేదు.

ఇరవై మెట్లు ఎక్కుంటానేమో. కింద నుంచి గట్టిగా అరుపు.

‘నీళ్లుంటే ఇయ్యండి, లేకుంటే జరగండయ్యా. ముసల్దానికి గాలన్నా తగులుతాది!’

చూస్తే ఒక బక్కపల్చటి మనిషి. మెడలో మాల కూడా లేదు. బేల్దారి పనికి పోతాడని తర్వాత తెలిసింది. అవ్వ తల కింద తన సంచి పెట్టి, కాళ్లు చాపి, పిక్కలు రుద్దుతున్నాడు. అప్పుడు గుర్తొచ్చాయి నాకు ప్యాకెట్లు.

దిగి వచ్చి లీటరు సీసాలో ఒకటి కలిపాను. ‘గటగటా తాగనియ్యాకు, కక్కుతాది. గుక్క గుక్క పొయ్యి’ అన్నాడాయన. ఒకరు తువ్వాలు తడిపి మెడకు చుట్టారు. ఇందాక ఏడ్చిన ఆవిడే పిల్లాడికి అరటిపండు ఒలిచి ఇచ్చింది. అరగంటకు అవ్వ కళ్లు తెరిచింది గానీ నిలబడలేకపోయింది. నా దుప్పటి, రెండు ఊతకర్రలు కలిపి డోలీ కట్టాం. ముందిద్దరు, వెనకిద్దరు, ముప్పై మెట్లకోసారి భుజం మార్పు. బరువెంతో లేదు, మెట్టు మెట్టుకూ ఎత్తు మారుతుంటే నడుములు పోయాయి. 14వ శతాబ్దంలో రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు వేయించాడు. దండం పెట్టి ఊరుకోలేదు మహానుభావుడు. మెట్లు కాస్త సమంగా వేయించి ఉంటే బాగుండేదని ఆ పూట మాత్రం తిట్టుకున్నాను.

వెనకాల ఎవరో మళ్లీ ‘చేదుకో మల్లన్నా’ అందుకున్నారు. ఈసారి ఆ కేక మాకు అడుగు కలపడానికి పనికొచ్చింది. ‘చేదుకో’ అన్నప్పుడు ఎత్తడం, ‘మల్లన్నా’ అన్నప్పుడు మెట్టు ఎక్కడం.

కైలాసద్వారం దగ్గర వైద్య శిబిరంలో సెలైన్ ఎక్కించారు. పొద్దుగూకుతోంది. పాగా సంగతి ఇక అడగొద్దు. బేల్దారి మనిషి కర్ర తీసుకుని ఎప్పుడు పోయాడో చూడలేదు, పేరు కూడా అడగలేదు. నేను అక్కడే కూచుని కాళ్లు పిసుక్కుంటున్నా.

అవ్వ తల ఇటు తిప్పి నన్ను కాసేపు పరీక్షగా చూసింది.

‘మల్లన్న చూసుకుంటాడని చెప్పి పైకి పోయినోడివి నువ్వే కదా నాయనా?’

‘నేనే అవ్వా.’

ఏమీ అనలేదు. సూది లేని చేత్తో తన మూట నా వైపు నెట్టింది.

‘దాంట్లో బొరుగులుండాయి. పిల్లోనికి పెట్టి నువ్వూ తిను. పొద్దుట్నుంచి వాడేం తిన్లేదు.’