పీహెచ్‌డీ ఇంటర్వ్యూ: పోర్చుగల్ దగ్గర బోల్తా పడి, మళ్లీ అక్కడే గట్టెక్కా

ఫ్రెండ్స్, నిన్న సాయంత్రం సెలెక్షన్ లిస్టు పెట్టారు. నా పేరు నాలుగోది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి కూడా ఏడాది ఖాళీగా ఉందని మా చుట్టాలు గొణిగారు కదా, వాళ్లూ చదువుకోవచ్చు.

రాత పరీక్ష పేపర్ వన్, పేపర్ టూ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పాత ప్రశ్నపత్రాలు చేయండి, చాలు. పోయినేడు పోయిన ఇంటర్వ్యూ సంగతే చెప్పాలి. సినాప్సిస్‌లో (పరిశోధన ప్రతిపాదనలో) సెమీ ప్రెసిడెన్షియల్ వ్యవస్థ (ప్రెసిడెంటూ, ప్రధానీ ఇద్దరూ అధికారం పంచుకునేది), పోర్చుగల్ అని గొప్పగా రాసుకెళ్లా. బోర్డులో మేడమ్ అడిగారు: "2022 జనవరిలో ఎన్నికైన సభ ఎప్పుడు రద్దయిందమ్మా?"

"2023 నవంబర్ 7 మేడమ్. ప్రధాని కోస్తా రాజీనామా చేసిన రోజు."

ఆవిడ పెన్నుకి క్యాప్ పెట్టేశారు. అయిపోయిందనుకున్నా.

రాజీనామా చేసింది ప్రధాని (గోవా మూలాలున్న ఆంటోనియో కోస్తానే). సభ ఎక్కడికీ పోలేదు. 230లో 120 సీట్లు సోషలిస్టులవే. రద్దు చేస్తానని ప్రెసిడెంట్ మార్సెలో రెబెలో డిసౌజా 9నే చెప్పి, బడ్జెట్ పాసయ్యేదాకా ఆగారు. అది నవంబర్ 29న పాసైంది. రద్దు మాత్రం 2024 జనవరి 15న. ఎందుకంటే రద్దయిన 60 రోజుల్లోపు ఎన్నిక జరగాలి, పోలింగేమో మార్చి 10. వేళ్ల మీద లెక్కేయండి, 55 రోజులు. 2021లో అయితే బడ్జెట్టే ఓడిపోయి సభ రద్దయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

నిజానికి తప్పంతా నాది కాదు. నా కోచింగ్ నోట్సులో రాజీనామా, రద్దు ఒకే లైన్లో ఉన్నాయి. పైగా రాత్రంతా బస్సులో నిద్ర లేదు. అయినా నోట్సు నమ్ముకున్నవాళ్లకి ఇంతే. తర్వాత రోజూ పొద్దున అయిదింటికి లేచి, ఫోన్ బీరువాలో పెట్టి, వాళ్ల రాజ్యాంగం ఆర్టికల్ 171 నుంచి 195 దాకా అరిగిపోయేలా చదివా. అది చూడనివాళ్లు లక్కు అంటున్నారు, అననీయండి.

ఈసారీ అదే మేడమ్. నన్ను గుర్తుపట్టలేదు. "సభ రద్దయితే సభ్యులందరూ మాజీలేనా?"

"మన లోక్‌సభలో అంతే మేడమ్. అక్కడ కొత్త సభ మొదటిసారి కూర్చునేదాకా పదవి ఉంటుంది, ఆర్టికల్ 172."

"అయితే 2022లో ఎన్నికైన ఆ పదిహేనో సభ ఎప్పటిదాకా?"

"2024 మార్చి 25. కొత్తది 26న కూర్చుంది."

ఆవిడ ఏదో రాసుకున్నారు. తర్వాత పది నిమిషాలు మెథడాలజీ అడిగారు, తోచింది చెప్పా.