ఎనిమిదో నెల లెక్క: ములక్కాడలు 14, సూర్యోదయాలు 2

స్టాక్ ఫొటోలు, అంటే ఎవరైనా డబ్బిచ్చి వాడుకునేలా వెబ్‌సైట్లలో అమ్మకానికి ఉంచే ఫొటోలు, పెట్టడం మొదలుపెట్టి మొన్న ఆదివారానికి ఎనిమిది నెలలు నిండాయి. పంపినవి 412, సైట్లు ఒప్పుకుని తీసుకున్నవి 263. అడోబ్ స్టాక్‌లో 31 డౌన్‌లోడ్లకు 18 డాలర్ల 20 సెంట్లు, షటర్‌స్టాక్‌లో 58 డౌన్‌లోడ్లకు 11 డాలర్ల 40 సెంట్లు. చేతికి మాత్రం ఇంకా రూపాయి రాలేదు. అడోబ్‌లో 25 డాలర్లు అయితేగానీ డబ్బు తీసుకోవడానికి లేదు. పెట్రోలు, చెమ్మ పీల్చే సిలికా జెల్, బీచ్ దగ్గర తాగిన టీలు కూడా రాస్తే ఖర్చే ఎక్కువ తేలుతుంది కాబట్టి నా ఎక్సెల్ షీట్‌లో ఆ కాలమ్ పెట్టలేదు.

కెమెరా పాత నికాన్ డి5600. దాంతో వచ్చిన 18-55 లెన్స్, తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 50 ఎంఎం. కెమెరా 24 మెగాపిక్సెల్ ఇస్తుంది, రెండు సైట్లూ అడిగేది కనీసం 4. అంటే క్రాప్ చేసుకోవడానికి బోలెడంత చోటుంది.

మొదటి రెండు నెలలూ అందరిలాగే బీచ్ మీద పడ్డాను. వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. నాలుగున్నరకి లేవడం, ఆర్కే బీచ్, రుషికొండ, ఒక ఆదివారం భీమిలి దాకా. మొదటిరోజు ఏసీ గదిలోంచి తీసిన కెమెరాని నేరుగా ఇసుకలోకి పట్టుకెళ్తే లెన్స్ మీద ఆవిరి పట్టేసింది. తుడిస్తే మళ్లీ పట్టింది. అది వదిలేసరికి సూర్యుడు మూరెడు పైకెక్కాడు. ఇప్పుడు రాత్రే బ్యాగ్‌ని ఏసీ లేని హాల్లో పెట్టి పడుకుంటున్నాను, ఆ బాధ లేదు. ఉప్పుగాలికి ఫిల్టర్ మీద జిడ్డు పేరుకుంటుంది. ఇంటికి రాగానే కొంచెం తడి చేసిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తాను. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. లెన్సులు గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, నీలం రంగు సిలికా జెల్ పొట్లాలతో. అవి గులాబీ రంగుకి తిరిగితే చెమ్మ నిండిపోయినట్టే, వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. మన ఊళ్లో ఈ పని చెయ్యకపోతే లెన్స్‌కి ఫంగస్ ఖాయం.

ఇంతా చేసి పంపితే ఒక సైట్ ఒకేరోజు 11 వెనక్కి కొట్టింది. తప్పు నాదే. ఒకే సూర్యోదయాన్ని ఇంచుమించు ఒకేలా తొమ్మిది పంపాను. మిగతా రెండింట్లో ఆకాశం మీద సెన్సర్ దుమ్ము మచ్చలు. ఇప్పుడు ప్రతి ఫొటోనీ వంద శాతం పెద్దది చేసి, మూల నుంచి మూలకి జరుపుతూ చూస్తున్నాను. విసుగు పనే, కానీ వెనక్కి రావడం సగానికి తగ్గింది. పాసైన సూర్యోదయాలు అమ్ముడయ్యాయా అంటే, ఎనిమిది నెలల్లో రెండు. బంగాళాఖాతంలోంచి వచ్చాడా, బాలీలో వచ్చాడా అని కొనేవాడికి పట్టింపు లేదు. వాడి ముందు అలాంటివి లక్షల్లో ఉన్నాయి.

ములక్కాడల సంగతికొస్తాను. ఒక శనివారం అత్తయ్య వంటింటి కిటికీ దగ్గర కూర్చుని సాంబారుకి ములక్కాడలు కోస్తున్నారు. ముక్క పూర్తిగా తెగకుండా కత్తి ఆపి, అంచు వేలితో పట్టి లాగితే పచ్చటి పీచు రిబ్బన్‌లా వచ్చేస్తుంది. ఆ లాగే క్షణం తీశాను. అవతలివైపు నీడ మెత్తబడటానికి తెల్ల థర్మాకోల్ షీట్ నిలబెట్టాను, అంతే సరంజామా. మోడల్ రిలీజ్ మీద, అంటే ఫొటోలో ఉన్న మనిషి దాన్ని అమ్ముకోవడానికి ఇచ్చే అనుమతి కాగితం మీద, ఆవిడ సంతకం పెడుతూ, "నా చేతులు కూడా కొంటారా, వాళ్లకేం పనిలేదా?" అన్నారు.

నిజంగానే ఆరు వారాలు ఎవరూ కొనలేదు. ఓ రాత్రి అనుమానమొచ్చి, నేను కీవర్డ్‌గా (కొనేవాళ్లు వెతికే మాటగా) ఇచ్చిన 'డ్రమ్‌స్టిక్' నేనే వెతికాను. వేయించిన కోడి కాళ్లు, డ్రమ్ములు వాయించే కర్రలు, వాటి కింద ఎక్కడో మన ములక్కాడ! వెంటనే మార్చాను. ముందు 'మొరింగా', తర్వాత 'మొరింగా పాడ్స్', శాస్త్రీయ నామం 'మొరింగా ఒలీఫెరా', ఆ తర్వాత చేతులు, వంట, దక్షిణ భారత వంటలు. 'డ్రమ్‌స్టిక్'ని చివరికి నెట్టాను. అడోబ్‌లో కీవర్డ్ల వరస కూడా లెక్కే, మొదటి పదీ ముఖ్యం. అక్కడ 49 దాకా ఇవ్వొచ్చు, షటర్‌స్టాక్‌లో 7 నుంచి 50. మార్చిన తొమ్మిదో రోజున మొదటి అమ్మకం. ఆ వరసలో తీసిన నాలుగు ఫొటోలూ కలిపి ఇప్పటికి 14.

అప్పటినుంచి పద్ధతి తిరగేశాను. ముందు నోట్‌బుక్‌లో పేరు, తర్వాతే ఫొటో. ముంజల్ని ఇంగ్లిష్‌లో 'ఐస్ యాపిల్' అంటారు, కానీ ఆ ఒక్కటే ఇస్తే మంచు, యాపిల్ పళ్ల మధ్య తప్పిపోతాం. తాటిచెట్టు పేరు 'పామైరా'తో పాటు శాస్త్రీయ నామం 'బొరాసస్ ఫ్లాబెల్లిఫర్' ఉండాలి. శాస్త్రీయ నామం రాసేముందు రెండుచోట్ల సరిచూసుకుంటాను. కీవర్డ్లు, టైటిల్ ఫొటో ఫైల్‌లోనే డిజికామ్‌తో రాసేస్తే రెండు సైట్లూ అవే చదువుకుంటాయి. ఇది ఉచిత సాఫ్ట్‌వేర్. తెలియక మొదటి మూడు నెలలూ ప్రతిదీ రెండుసార్లు టైపు చేశాను.

ఫిషింగ్ హార్బర్‌లో వేరే గొడవ. మార్చిలో తెల్లవారుజామున చేపలు కోస్తున్న ఒక పెద్దమ్మని అడిగి తీశాను. ముఖం కనిపిస్తోంది కాబట్టి సంతకం కావాలి. ఇంగ్లిష్ కాగితం చూడగానే ఆవిడ, "ఏటమ్మా ఈ కాయితం? ఏలిముద్ర ఏయించుకుని రేపొచ్చి నా వాటా లాగీస్తావేటి?" అంది. పక్కనున్నవాళ్లంతా నవ్వు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది, చదవలేని కాగితం మీద నేనైనా పెట్టను. చేతులు మాత్రం తీసుకోమంది. మనిషిని గుర్తుపట్టలేనట్టుంటే రిలీజ్ అక్కర్లేదు, కానీ మణికట్టు మీద పచ్చబొట్టు ఉంది, అది గుర్తే. దాని కిందికి క్రాప్ చేశాను. ఇప్పటికి మూడుసార్లు అమ్ముడైంది. నేవీ గోడలు, బోర్డులు ఉన్నవైపు మాత్రం కెమెరా బయటికి తీయను. డ్రోన్ ఆలోచనే లేదు.

పన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను. అమెరికా పన్నుకి సంబంధించిన డబ్ల్యూ-8బెన్ ఫారం నింపి పాన్ నంబరు ఇస్తే అమెరికా అమ్మకాల మీద కోత 15 శాతం, లేకపోతే 30. అడోబ్ ఫొటోలకి అమ్మకం సొమ్ములో మనకిచ్చేది 33 శాతం. షటర్‌స్టాక్‌లో 15 శాతంతో మొదలై అమ్మకాలు పెరిగేకొద్దీ 40 దాకా వెళ్తుంది, కానీ ఏటా జనవరి 1న మళ్లీ మొదటి మెట్టుకి. వంద డౌన్‌లోడ్లు కూడా దాటని నాలాంటివాళ్లకి ఆ తేదీతో పనిలేదనుకోండి.

ఇప్పుడు సముద్రంలో చేపల వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలన్నీ హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి, ఒడ్డున వలలు పరిచి బాగుచేసుకుంటూ ఉంటారు. ఆ సూది, దారం, చిరిగిన కన్ను దగ్గర ఆగిన వేలు, ఇవి తీయాలి. వలకన్నుని ఇంగ్లిష్‌లో ఏమని వెతుకుతారో ఈ వారమంతా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఈసారి రిలీజ్ కాగితం వెనక తెలుగులో కూడా రాసి పట్టుకెళ్తాను. అడోబ్‌లో 25 డాలర్లకి ఇంకా 6 డాలర్ల 80 సెంట్లు తక్కువ. చేతుల వాటా ఎంతొచ్చిందని అత్తయ్య అప్పుడే రెండుసార్లు అడిగారు.