నూరువరహాలకి అన్నభేది

ఆదివారం, విజయనగరం.

సిరిమాను సంబరం అయిపోయింది, వానలూ తెరిపిచ్చాయి. ప్రహరీ వారనున్న నూరువరహాల మొక్క చిగుళ్ళు మళ్ళీ పసుపు తిరుగుతున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి, పసుపు గుడ్డ మీద ఆకుపచ్చ దారంతో వల కుట్టినట్టు.

ఆకు పసుపెక్కగానే ఎరువు గుమ్మరించడం చాలామందికి అలవాటు. ముందు చూడాల్సింది ఏ ఆకు పాలిపోయిందని. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలడం లేదు, గుప్పెడు వర్మీకంపోస్టుకి తేరుకుంటుంది. చిగురు పసుపెక్కి ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ముదురాకులోని ఇనుము చిగురుకి కదలదు, అందుకే లోటు కొత్త ఆకులో ముందు బయటపడుతుంది.

మట్టిలో ఇనుము లేక కాదు. ఇది కాఫీ కుటుంబపు మొక్క, కాస్త పుల్లటి నేల కావాలి. గోడ పునాది దగ్గరేమో సిమెంటు పెచ్చులు, సున్నం. పైగా కుళాయి మూతికి తెల్లగా పొర కట్టే బోరు నీళ్ళు. నేల పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత పీహెచ్, అది 7 దాటితే ఇనుము కరగదు, వేరు పీల్చుకోలేదు. వాననీళ్ళు తాగినన్నాళ్ళూ నిగనిగలాడిన మొక్క, బోరు నీళ్ళు మొదలవగానే మొహం వేలాడేసేది ఇందుకే. గుడ్డుపెంకుల పొడి, పొయ్యి బూడిద వేస్తే ఇంకా చెడుతుంది. మొక్క మొదలు దగ్గర ఇనుప మేకులు పాతడమూ దండగే, ఆ తుప్పు కూడా అక్కడ కరగదు.

సాయంత్రం ఎండ వాలాక అన్నభేది, అంటే నీళ్ళలో కరిగే ఇనుప లవణం (ఫెర్రస్ సల్ఫేట్), ఆకుల మీద కొట్టాలి. లీటరు నీళ్ళలో ముందు గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది. లేత ఆకుపచ్చ పలుకులుగా ఉన్నదే కొనాలి, గోధుమరంగుకి తిరిగిందంటే గాలి తగిలి పాడైనట్టే. కలిపింది నిలవ ఉంచకూడదు. ఆకు అడుగు కూడా తడవాలి. మిట్టమధ్యాహ్నం కొడితే అంచులు మాడతాయి. గచ్చు మీద పడిన తుప్పు మరక ఓ పట్టాన వదలదు, కింద పాత గోనె పరుచుకోవడం మేలు. పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు చాలు. గుణం తెలిసేది కొత్త చిగురు రంగులోనే, పాత ఆకుల్లో వెతక్కూడదు. కొత్తగా నాటేవాళ్ళు గోడకి రెండడుగులు ఎడంగా గొయ్యి తీసి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల గత్తం చెరిసగం నింపుకుంటే ఈ తంటా చాలావరకు తప్పుతుంది.

వాడిన గుత్తుల్ని కింది రెండాకులతో సహా కత్తిరించడం అయింది. పూత కొమ్మ కొసనే వస్తుంది. బంతిలా గుండ్రంగా ఉండాలని నెలనెలా కత్తెర ఆడించే ఇళ్ళల్లో పచ్చటి పొద తప్ప పువ్వు కనపడదు.

లోపలి కొమ్మకి చీమల బారు. చీమలు ఊరికే ఎక్కవు, కాండానికి అంటుకున్న పొలుసు పురుగు కార్చే జిగురు కోసం వస్తాయి. ఆకుల మీద నల్లటి మసి పట్టేదీ ఆ జిగురు మీదే. పాత టూత్‌బ్రష్షుతో గీకేసి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టాలి. అన్నభేదిలో కలిపేసి కాదు, నాలుగు రోజులు ఆగి విడిగా.