పవర్ లేని రంగు లెన్సుకూ కొలతలు ఉంటాయి

రంగు కాంటాక్ట్ లెన్సులు కొనాలనుకునేవారు తరచుగా అనే మాట ఒకటుంది: "నాకు సైటు లేదు, ఇక కంటి పరీక్ష ఎందుకు?" చూపు బాగున్నవారికి కళ్లజోడు అక్కర్లేదు కాబట్టి అందం కోసం పెట్టుకునే లెన్సుకు డాక్టరు కూడా అక్కర్లేదన్న ఈ వాదన పైకి సబబుగానే వినిపిస్తుంది. కానీ లెన్సు కోసం చేసే పరీక్షలో చూపు ఒక భాగం మాత్రమే. నల్లగుడ్డు ఎంత వంపు తిరిగి ఉంది, కన్నీటి పొర సరిపడా ఉందా, రెప్పల అంచుల్లో వాపు గానీ అలర్జీ గానీ ఉందా అన్నవి కూడా అందులో చూస్తారు. సున్నా పవర్ లెన్సుకు ఇవేవీ మినహాయింపు కావు. అమెరికాలో 2005లో వచ్చిన చట్టం పవర్ లేని అలంకరణ లెన్సులను కూడా వైద్య పరికరాలుగానే గుర్తించి, ప్రిస్క్రిప్షన్ లేకుండా వాటిని అమ్మకూడదని నిర్ణయించింది. నాకు ఆ చట్టం పూర్తిగా న్యాయంగానే కనిపిస్తుంది.

లెన్సు పెట్టె మీద బి.సి. అని ఒక అంకె, డి.ఐ.ఏ. అని మరొక అంకె ఉంటాయి. మొదటిది లెన్సు లోపలి వంపు. మెత్తని లెన్సుల్లో ఇది ఎక్కువగా 8.4 నుంచి 8.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. రెండోది లెన్సు వ్యాసం, ఇది 14 మిల్లీమీటర్లు లేదా కాస్త ఎక్కువ. సరిగ్గా అమరిన లెన్సు రెప్ప వేసిన ప్రతిసారీ కొద్దిగా కదలాలి, ఎందుకంటే ఆ కదలికతోనే లెన్సు కింద ఉన్న పాత కన్నీరు బయటికి పోయి కొత్త కన్నీరు లోపలికి వస్తుంది. బిగుతుగా ఉన్న లెన్సు కదలదు. చిక్కేమిటంటే, కదలని లెన్సే మొదటి గంటల్లో ఎక్కువ హాయిగా అనిపిస్తుంది. అందువల్ల పెట్టుకోగానే బాగుందనిపించడాన్ని సరైన అమరికకు రుజువుగా తీసుకోకూడదు. లెన్సు కంటి మీద ఉండగా స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని కింద దాని కదలికను చూసినవారే ఆ సంగతి చెప్పగలరు.

గాలి విషయం ఇంకా ముఖ్యమైనది. చూపుకు అడ్డు రాకుండా పారదర్శకంగా ఉండటానికి నల్లగుడ్డు పై పొరలో రక్తనాళాలు ఉండవు. మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మందం ఉండే ఆ పొర తనకు కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్ని కన్నీటి ద్వారా నేరుగా గాలి నుంచే తీసుకుంటుంది. దాని మీద లెన్సు పెట్టామంటే కంటికి ఒక మూత వేసినట్లే, కాబట్టి ఆ మూత ఎంత గాలిని లోపలికి వదులుతుందన్నదే అసలు ప్రశ్న. 1984లో హోల్డెన్, మెర్ట్జ్ అనే పరిశోధకులు దీనికి ఒక కొలమానం చూపారు. పగలు మాత్రమే వాడే లెన్సుకు ఆక్సిజన్ ప్రసరణ విలువ కనీసం 24 ఉండాలని, రాత్రి నిద్రలో కూడా ఉంచుకునే లెన్సుకు 87 ఉండాలని వారు తేల్చారు. రంగు లెన్సుల్లో చాలావాటిని నేటికీ హెమా అనే పాత తరహా పదార్థంతోనే తయారు చేస్తున్నారు. (1961లో చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టెర్లే పిల్లల ఆటవస్తువుల సెట్టుతో కూర్చిన యంత్రం మీద తన మెత్తని లెన్సులను పోత పోసింది ఈ పదార్థంతోనే.) హెమాలో ఆక్సిజన్ నీటి ద్వారా మాత్రమే ప్రయాణిస్తుంది కాబట్టి, సిలికాన్ హైడ్రోజెల్ అనే కొత్త తరహా పదార్థంతో చేసిన లెన్సులతో పోలిస్తే అది చాలా తక్కువ గాలిని వదులుతుంది. దీర్ఘకాలం ఆక్సిజన్ చాలకపోతే అంచుల నుంచి నల్లగుడ్డు మీదికి కొత్త రక్తనాళాలు పాకడం మొదలవుతుంది. అది నొప్పి లేకుండా జరుగుతుంది కనుక వాడేవారికి తెలియదు. రంగు లెన్సుతో కాసేపు కునుకు తీయడం కూడా తగదని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే. నిద్రలో రెప్పలు మూసుకుని ఉండగా అసలే తక్కువగా అందే ఆక్సిజన్‌కు లెన్సు మరింత అడ్డుపడుతుంది, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కూడా చాలా రెట్లు పెరుగుతుంది.

రంగును లెన్సులో ఎక్కడ అద్దారన్నది కూడా పట్టించుకోవలసిన సంగతే. మంచి తయారీలో రంగు రెండు పొరల మధ్య ఇమిడి ఉంటుంది. నాసిరకం లెన్సుల్లో అది ఉపరితలం మీదే ఉండి గరుకుదనాన్ని పెంచుతుంది, ఆ గరుకు మీద బ్యాక్టీరియా తేలిగ్గా అంటుకుంటుంది. తయారీదారు పేరు, గడువు తేదీ, వంపు, వ్యాసం ముద్రించని లెన్సు ఎంత అందమైన రంగులో ఉన్నా కొనదగినది కాదు.

రాత్రిపూట వాహనం నడిపేవారికి మరొక ఇబ్బంది ఉంది. వెలుతురును బట్టి కంటిపాప సుమారు 2 నుంచి 8 మిల్లీమీటర్ల వరకు చిన్నదీ పెద్దదీ అవుతూ ఉంటుంది, కానీ లెన్సు మధ్యలో రంగు వేయకుండా వదిలిన భాగం పరిమాణం మారదు. చీకట్లో కంటిపాప ఆ భాగం కంటే పెద్దదైనప్పుడు రంగు వలయం చూపులోకి వచ్చి, దీపాల చుట్టూ మసకగా కాంతి వలయాలు కనిపిస్తాయి. సంధ్య దాటాక బండి నడపవలసి ఉంటే రంగు లెన్సు తీసి బయలుదేరడం మేలు.

శుభ్రత దగ్గరికి వస్తే, అన్నిటికన్నా పెద్ద శత్రువు నీళ్లే. కుళాయి నీళ్లలో, బావుల్లో, ఈత కొలనుల్లో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు. అది గట్టి పెంకు వంటి కోశంలోకి ముడుచుకున్నప్పుడు నీళ్లలో కలిపే క్లోరిన్‌ను కూడా తట్టుకుంటుంది. లెన్సు ద్వారా నల్లగుడ్డులోకి చేరితే భరించలేని నొప్పి పుడుతుంది, చికిత్స నెలల తరబడి సాగుతుంది. కాబట్టి స్నానానికి, ఈతకు ముందు లెన్సులు తీసేయాలి, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకున్న తరువాతే లెన్సును ముట్టుకోవాలి, డిస్టిల్డ్ వాటర్‌తో సహా ఏ నీళ్లతోనూ లెన్సును గానీ దాని డబ్బాను గానీ కడగకూడదు. నోటి తడి మాట చెప్పనే అక్కర్లేదు. సెలైన్ అనే శుద్ధి చేసిన ఉప్పు ద్రావణం కడగడానికి పనికొస్తుంది కానీ క్రిములను చంపదు. డబ్బాలో మిగిలిన పాత సొల్యూషన్ (లెన్సులను నానబెట్టే, క్రిములను చంపే ద్రవం) మీద కొత్తది పోసి సరిపెట్టడం పొదుపుగా అనిపించినా, దానివల్ల మందు బలం తగ్గి క్రిములు మిగిలిపోతాయి. ఏ పూటకాపూట పారబోసి, డబ్బాను కొత్త సొల్యూషన్‌తో కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకొకసారైనా డబ్బా మార్చాలి.

అలంకరణ కోసం వాడేవారికి ప్రత్యేకంగా వచ్చే సమస్య ఇంకొకటి. వారు రోజూ పెట్టుకోరు, ఎప్పుడో ఒకసారి పెట్టుకుంటారు. నెల లెన్సు అంటే సీలు తెరిచిన రోజు నుంచి నెల అని అర్థం. ముప్పై సార్లు పెట్టుకోవచ్చని కాదు. రెండుసార్లు వాడి డబ్బాలో వదిలేసి ఆరు నెలల తరువాత అదే లెన్సు తీసి పెట్టుకునేవారు ఉన్నారు, అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. అప్పుడప్పుడు మాత్రమే పెట్టుకునేవారు ఒకరోజు వాడి పారేసే లెన్సులనే ఎంచుకోవాలని నా అభిప్రాయం. వాటికి డబ్బా, సొల్యూషన్, నిల్వ అన్న గొడవే లేదు.

మేకప్ విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. లెన్సు ముందు పెట్టుకుని తరువాత మేకప్ వేసుకోవాలి, తీసేటప్పుడు లెన్సే ముందు తీయాలి, రెప్పల లోపలి అంచున గీత గీయకూడదు. లెన్సును స్నేహితులతో పంచుకోవడం గురించి చర్చే అనవసరం. లెన్సు కంటి వెనక్కి జారిపోతుందన్న భయం మాత్రం వదిలేయవచ్చు. రెప్ప లోపలి పలుచని పొర మడత తిరిగి కనుగుడ్డును అంటుకుని ఉంటుంది కనుక అటు దారి లేదు.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, పుసులు కట్టినా, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనిపించినా వెంటనే లెన్సు తీసేసి అదే రోజు కంటి డాక్టరును చూడాలి. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా సోకితే ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డుకు పుండు పడి చూపు పోయే స్థితి రావచ్చు కాబట్టి రేపటిదాకా చూద్దామనుకోకూడదు. ఇంట్లో మిగిలి ఉన్న చుక్కల మందు వేయకూడదు, ముఖ్యంగా స్టెరాయిడ్ ఉన్నది వేస్తే ఎరుపు తగ్గినట్లు కనిపిస్తూనే ఇన్ఫెక్షన్ లోపల ముదురుతుంది. తీసిన లెన్సును పారేయకుండా డబ్బాతో సహా వెంట తీసుకెళ్తే, ఏ క్రిమి సోకిందో ల్యాబ్‌లో పరీక్షించి తగిన మందు ఎంచుకోవడానికి డాక్టరుకు ఆధారం దొరుకుతుంది. కన్ను పూర్తిగా మానిందని డాక్టరు చెప్పేవరకు రెండో కంటికి కూడా లెన్సు పెట్టకూడదు, ఆ తరువాత కూడా కొత్త జత, కొత్త డబ్బాతోనే మొదలుపెట్టాలి.