ఆటర్లు ముట్టని అర్చిన్లు

ఈ శనివారం అమ్మానాన్నలని కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే తీసుకెళ్ళాం. కెల్ప్ (అడవిలా పెరిగే పెద్ద సముద్రపు నాచు) పోగులు ఒంటికి చుట్టుకుని, వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకుని ఏదో చిప్పని టపటపా కొట్టుకు తింటున్న సీ ఆటర్‌ని, అంటే సముద్రపు నీటికుక్కని చూసి అమ్మ "ఎంత ముద్దొస్తోందే!" అంది. నిజమే, కానీ దాని కథ ముద్దు దగ్గర ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది.

బొచ్చు కోసం వేటాడి వేటాడి వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. 1911లో దేశాల మధ్య ఒప్పందంతో వేట ఆగింది, 1938లో బిగ్ సర్ దగ్గర ఓ 50 కనిపించాయి, ఇప్పుడు కాలిఫోర్నియాలో సుమారు 3000 ఉన్నాయి. ఇది విని నాన్న, "మన దగ్గర కూడా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చేపల వేట ఆపుతారు కదమ్మా, ఆపితే సముద్రం తేరుకుంటుంది" అన్నారు.

ఆటర్ల వరకూ అది నిజం, కెల్ప్ అడవి సంగతి వేరు. కెల్ప్‌ని తినేది సీ అర్చిన్, అంటే ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి జీవి. దాన్ని తినేవి చుట్టూ తిరుగుతుంటే అది రాతి సందుల్లో నక్కి, కొట్టుకొచ్చిన ముక్కలతో సరిపెట్టుకుంటుంది. భయం లేకపోతే బయటికొచ్చి బతికున్న కెల్ప్‌నే కొరికేస్తుంది. ఉత్తర కాలిఫోర్నియాలో ఆటర్లు తిరిగి రాలేదు, అక్కడ అర్చిన్లని తిన్నది సన్‌ఫ్లవర్ స్టార్ అనే పెద్ద నక్షత్ర చేప. 2013లో వ్యాధి వచ్చి అవి కరిగిపోయినట్టు చచ్చిపోయాయి (కారణం ఒక విబ్రియో బాక్టీరియా అని 2025లో గాని తేలలేదు), వెంటనే 2014 నుంచి సముద్రం వేడెక్కింది, కెల్ప్ 90 శాతానికి పైగా పోయింది, 2018లో కెల్ప్ తిని బతికే అబలోనీ అనే సముద్రపు నత్తల్ని పట్టడం కూడా ఆపేయాల్సి వచ్చింది.

నన్ను బాగా కలవరపెట్టేది ఇదీ: కెల్ప్ అంతా అయిపోయినా అర్చిన్లు చావవు, ఏళ్ళ తరబడి ఆకలితోనే బతుకుతాయి. లోపల తినడానికేమీ ఉండదు కాబట్టి మాంటెరేలో కూడా ఆటర్లు వాటిని ముట్టవు, కెల్ప్ మిగిలిన చోట బలిసిన అర్చిన్లనే తింటాయి. దాంతో మిగిలిన అడవి నిలుస్తుంది గానీ పోయింది తిరిగి రాదు. అందుకే కొన్ని చోట్ల డైవర్లు సుత్తులతో అర్చిన్లని కొడుతున్నారు, ల్యాబుల్లో సన్‌ఫ్లవర్ స్టార్లని పెంచుతున్నారు.

ఆటర్లని ఉత్తరానికి తీసుకెళ్ళి వదలాలనే ఆలోచన కూడా ఉంది. పీతలు పట్టి బతికేవాళ్ళకి అది నచ్చడం లేదు, ఆటర్ రోజుకి తన బరువులో నాలుగో వంతు తింటుంది మరి. వాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది, వాళ్ళతో మాట్లాడకుండా చేయకూడదు కూడా. అయినా ఆటర్లని అక్కడ వదలాలనే నేను అంటాను.